గొడుగు ఉందా?

మొదటి విడత బస్సుల్లో దొరికిన వస్తువుల సంచీని బల్ల మీద బోర్లించి, ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి చీటీ రాస్తోంది. 'చెప్పు, ఎడమకాలిది, గోధుమరంగు, మడమ దగ్గర లోపలివైపు అరిగింది.' 'నీళ్ళ సీసా, మూత వేరే సీసాది.' 'గుడ్డసంచీ, లోపల సగం అల్లిన ఊలు చొక్కా, ఒక చెయ్యి మాత్రమే పూర్తయింది.' చీటీకి దారం గుచ్చి, వస్తువుకి కట్టి, రిజిస్టరులో నంబరు వేసి పక్కన పెడుతుంది. మామూలు రోజైతే ఈ పని చేస్తూ కూనిరాగం తీసేది. ఇవాళ గోడ గడియారం వంక చూడకుండా ఒక్క చీటీ కూడా పూర్తి చెయ్యలేకపోతోంది. ఎనిమిదీ పది అయింది. సాయంత్రం ఆరింటికి ఫోనులోని వసారా మూతపడుతుంది.

దొరికిన వస్తువుల గది బస్సు డిపోలో మెట్ల కింద ఉంది. మెట్ల వాలుకి తగ్గట్టు పైకప్పు కూడా వాలి ఉంటుంది కాబట్టి లోపలి మూలకు వెళ్ళాలంటే తల వంచాలి. పదకొండేళ్ళుగా వంచీ వంచీ ఆమె మెడ ఇంట్లో కూడా కొంచెం ముందుకే ఉంటుందని మొగుడు వెక్కిరిస్తాడు. ముందు భాగంలో బల్ల, జనం వచ్చి నిలబడే కిటికీ. వెనక మూడు వరసల ఇనప అరలు. అరల చివర గోడకి కొక్కేలు, వాటికి గొడుగులూ టోపీలూ చేతికర్రలూ. ఈ గదికి ఒకటే నియమం. వస్తువు నాది అన్నవాళ్ళు ఏదో ఒక గుర్తు చెప్పాలి. నలుపు, కొత్తది, ఖరీదైనది అంటే చాలదు, ఇంకెవరి వస్తువుకీ లేని గుర్తు కావాలి. రోజూ చేత్తో పట్టుకు తిరిగేది ఎలా ఉంటుందో చాలామంది చెప్పలేరన్న సంగతి ఆమెకు ఈ గదిలోనే తెలిసింది.

సొరుగులో ఫోను సన్నగా మోగింది. చూడకపోయినా అదేమిటో ఆమెకు తెలుసు.

"గొడుగు ఉందా?"

"ఉంది బాబాయిగారూ," అని ఆమె రాసింది.

ఆ వెంటనే వసారాలో ఎవరో 'ఉందట' అన్నారు. ఇంకెవరో 'బతికించారు' అన్నారు. నాలుగు నెలలుగా పొద్దున్నే జరిగే తంతు ఇది. ఇవాళ మాత్రం మూడోవాళ్ళు 'రేపట్నుంచి ఎక్కడ అడుగుతారో' అన్నారు.

వసారా అంటే ఫోనులో ఉండే ఇల్లు. కోట్లమంది ఒకేచోట చేరి అరుచుకునే పెద్ద కంపెనీల సంతలు కాకుండా, ఎవరికి వాళ్ళు కట్టుకున్న ఇలాంటి చిన్న చిన్న ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. ఏ ఇంటి కట్టుబాటు ఆ ఇంటిది. అయినా ఇంటికీ ఇంటికీ మధ్య తలుపులుంటాయి కాబట్టి ఇక్కడ అన్న మాట అక్కడా వినిపిస్తుంది. వసారాను కట్టినాయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఆయన పడగ్గదిలో బీరువా పక్కన పుస్తకమంత యంత్రం ఒకటి ఉంది, వసారా అంటే నిజానికి అదే. నూట ముప్ఫైమంది మాటలూ బొమ్మలూ అందులోనే ఉంటాయి. ఇక్కడ ఎవరి అసలు పేరూ ఊరూ ఎవరూ అడగకూడదు. ఇంకో కట్టుబాటు, బొమ్మ పెట్టినవాళ్ళు దాని కింద అందులో ఏముందో మాటల్లో రాయాలి, ఎందుకంటే చూపు లేనివాళ్ళకి ఫోను ఆ మాటల్నే పైకి చదివి వినిపిస్తుంది. రాయడం చేతకానివాళ్ళు 'గుమాస్తాగారూ' అని ఒక కేక వేస్తే ఆమె వచ్చి రాసిపెడుతుంది.

మూడేళ్ళ కిందట ఆమె చేరిన వారానికి ఎవరో తమ వంటింటి కిటికీ ఫొటో పెట్టి, కింద ఏమీ రాయకుండా వదిలేశారు. 'అందులో ఏముంది?' అని ఒకాయన అడిగాడు. అరగంట గడిచినా ఎవరూ పలకలేదు. ఆమెకు తెలిసిన రాత ఒకటే కాబట్టి చీటీ రాసినట్టే రాసింది. 'కిటికీ, రెండు రెక్కలది. వెలుతురు ఎడమనుంచి. గట్టు మీద గాజు గ్లాసు, అంచు చిట్లింది, అందులో ఒక మొక్క రెమ్మ, వేళ్ళు వచ్చాయి. ఎవరో తుడిచిన చేతిగుడ్డ ఇంకా తడిగా ఉంది.' ఆయన జవాబు రాశాడు: 'అమ్మాయ్, నాకు కనిపించింది.'

ఆయనే బాబాయి. ఒకప్పుడు టెలిఫోను ఆపరేటరు, ఎనభై దాటాయి, చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. అంతకుమించి ఆయన గురించి ఎవరికీ తెలియదు. యాభై నాలుగేళ్ళ మనిషిని అమ్మాయ్ అని పిలిచేవాడు ఈ లోకంలో ఆయనొక్కడే మిగిలాడు. ఆమె రాసిన రిజిస్టర్లు పదకొండేళ్ళలో ఇరవై ఆరు నిండాయి. నిండినవి స్టోరు గదిలోకి పోయాయి. ఒక్కటి కూడా ఎవరూ తెరిచి చదివిన పాపాన పోలేదు. కనిపించింది అన్న ఆ ఒక్క మాటని ఆమె వారంపాటు కూరలు తరుగుతూ కూడా తలుచుకుని నవ్వుకుంది. ఇంట్లో ఆడపడుచూ మొగుడూ టీవీ ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు కాబట్టి ఆమె ఎందుకు నవ్వుతోందో అడిగేవాళ్ళు లేకపోయారు.

గొడుగు సంగతి ఆ తర్వాతది. తొమ్మిదో కొక్కేనికి వేలాడే ఆకుపచ్చ గొడుగు అది, నంబరు రెండు వందల పన్నెండు. గుడ్డ వెలిసింది, ఒక పుల్ల వంగింది, కర్ర పిడి మీద నిండా పంటిగాట్లు. పదకొండేళ్ళలో పంటిగాట్లున్న గొడుగు ఆమెకు ఇదే మొదటిది. ఫొటో తీసి వసారాలో పెట్టింది. ఎవరి పళ్ళు అన్న వాదన పదిరోజులు నడిచింది. కుక్కవన్నారు, ఎలుకవన్నారు, భార్యతో మాట పడలేక పళ్ళు కొరికిన మొగుడివన్నారు. బాబాయి గాట్లు ఎంత దూరం దూరంగా ఉన్నాయో, లోతెంతో, ఎటు తిరిగి ఉన్నాయో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. చివరికి, 'పళ్ళొస్తున్న పసివాడు కొరికాడు. కుక్కయితే పట్టి లాగుతుంది, గాట్లు సాగుతాయి,' అని తేల్చాడు. ఎవరూ నమ్మలేదు. గొడుగు మనిషి వచ్చినరోజే తేలుతుందని అందరూ ఒక మాట అనుకున్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే ఈ ప్రశ్న.

దొరికిన వస్తువుని తొంభై రోజులకు మించి ఉంచకూడదు. గొడుగు వచ్చి నూట ఇరవై ఒక్క రోజులయింది. ఆమె దాని చీటీ మీద తేదీని రెండుసార్లు మార్చి రాసింది. ఉద్యోగంలో చేరాక ఆమె చేసిన తప్పుడు పని అదొక్కటే.

నెల కిందట మేస్త్రి అందరికీ ఒక ఉత్తరం పెట్టాడు. నడుము నెప్పి ముదిరిందనీ, యంత్రం పాతబడిందనీ, రోజూ దానికి చాకిరీ చేసే ఓపిక తనకి లేదనీ, ఇల్లు చూసుకోమంటే ఎవరూ ముందుకు రాలేదనీ రాశాడు. ఫలానా తేదీ సాయంత్రం ఆరింటికి ఆపేస్తానన్నాడు. ఆలోగా ఎవరికి నచ్చిన ఇంట్లో వాళ్ళు చోటు చూసుకోవాలి. చోటు దొరికాక వసారాలో 'ఇల్లు మారుతున్నాను' అనే మీట నొక్కాలి. నొక్కితే మన వెంట ఉన్నవాళ్ళందరికీ మన కొత్త గుమ్మం తెలుస్తుంది. ఆరు దాటితే ఆ మీటా ఉండదు, వెతకడానికి పేరూ ఊరూ తెలియవు, ఇంక ఎవరికి ఎవరో. రాసిన మాటలు మాత్రం కొత్త ఇంటికి రావు, యంత్రంతోపాటే ఆరిపోతాయి. ఆమె రాసినవి వెయ్యికి పైగా ఉన్నాయి.

సగంమంది కిటికీ అనే ఇంటికి వెళ్ళారు. ఇంటికి కిటికీ అని పేరేమిటి, దూకి రావాలా అని బాబాయి ఎగతాళి చేశాడు. చేసినా తనూ అడిగాడు, నిన్న ఆయనకి చోటు దొరికింది. ఆమెకే దొరకలేదు. కిటికీలో చోట్లు లెక్కగా ఉన్నాయి, అక్కడి పెద్దావిడ జాగ్రత్త మనిషి. వచ్చేవాళ్ళు తమ గురించి నాలుగు మాటలు రాస్తేగాని తలుపు తియ్యదు. ఆమె రాసింది: 'స్త్రీ. యాభై నాలుగేళ్ళు. ఎత్తు మధ్యస్థం. కళ్ళద్దాల ఎడమకాడ విరిగింది, అతికించినది. దొరికిన వస్తువుల గదిలో పని.' మొన్న సాయంత్రం జవాబొచ్చింది. 'యంత్రం రాసినట్టుంది. ఈమధ్య ఇలాంటివి చాలా వస్తున్నాయి. క్షమించండి.'

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. సిగ్గేసింది, బాబాయి అడిగితే ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. ఇన్నేళ్ళూ కిటికీలో నిలబడి జనాన్ని గుర్తు చెప్పండి, గుర్తు చెప్పండి అని విసిగించిన మనిషి, తన దాకా వచ్చేసరికి ఒక్క గుర్తు చెప్పలేకపోయింది.

పదకొండింటికి సూపర్వైజరు తనిఖీకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, మోకాళ్ళ నెప్పులున్నవాడు. అరల మధ్య వంగి నడుస్తూ, చీటీలు తిప్పి తేదీలు చూస్తూ, గడువు దాటినవాటిని నేలమీద పడేస్తున్నాడు. తొమ్మిదో కొక్కెం దగ్గర ఆగాడు.

"దీన్ని పోయినసారి కూడా చూసినట్టున్నానే," అన్నాడు.

"గొడుగులన్నీ ఒకలాగే ఉంటాయి సార్," అంది ఆమె.

ఏ రెండు గొడుగులూ ఒకలా ఉండవని చెప్పడానికే తనకు జీతమిస్తున్నారని ఆమెకు తెలుసు. ఆయన చీటీని కళ్ళ దగ్గర పెట్టుకుని, దిద్దిన అంకె మీద బొటనవేలితో రుద్ది, ఆమె ముఖంలోకి చూసి, వదిలేశాడు. రేపు పొద్దున పారేసేవాటి సంచీలో వేసెయ్యండి, పాడు గొడుగు ఎవరికి కావాలి అని మాత్రం అన్నాడు. ఆయన వెళ్ళాక ఆమె స్టూలు మీద కూలబడి రెండు గుక్కలు నీళ్ళు తాగింది.

మధ్యాహ్నం డబ్బా విప్పిందన్న మాటేగాని నాలుగు ముద్దలు కూడా దిగలేదు. వసారాలో అందరూ వెళ్ళిపోయేముందు తలా ఒక బొమ్మ పెడుతున్నారు. తాము కూర్చుని మాట్లాడే కుర్చీ, మంచం పక్క బల్ల, బస్సు కిటికీలోంచి రోజూ కనపడే గోడ. ఇన్నాళ్ళూ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు, ఇప్పుడూ చూపించలేదు, కూర్చునే చోటు మాత్రం చూపించారు. హడావిడిలో సగంమంది కింద మాటలు రాయలేదు. బాబాయి ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగలేదనే ఆమె ఒక్కొక్కటీ తెరిచి రాయడం మొదలుపెట్టింది. 'కుర్చీ, పేము అల్లిక, వెలుతురు ఎడమనుంచి. కుడిచెయ్యి దగ్గర నునుపు తేలింది.' 'గోడ, పసుపు, వెలుతురు వెనకనుంచి. మూల పిల్లి కావచ్చు, నీడ కావచ్చు, తెలియలేదు.' తన దరఖాస్తు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకొక్కటి రాసి అప్పుడు చూద్దామనుకునేది.

మొగుడు ఫోను చేశాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ రెండింటికి ఏదో ఒక భవనం పైఅంతస్తు నుంచి ఫోను చేసి తిన్నావా అని అడగడం అతని అలవాటు. చోటు దొరికిందా అని కూడా ఇవాళ అడిగాడు. లేదంది. అంత కష్టమెందుకు, ఆయన ఫోను నంబరు అడిగేస్తే పోతుంది కదా అన్నాడు. అడగకూడదంది.

"పేరు తెలీదు, ఊరు తెలీదు, మనిషిని చూసిందీ లేదు. ఏం పోతుందని నీకీ బెంగ?"

ఆమె డబ్బా మూత పెట్టింది. అతను, సరేలే, సాయంత్రం నేనే వచ్చి డిపో దగ్గర నిలబడతాను, కలిసి పోదాం అన్నాడు. అలా అన్నాడంటే అతనికీ ఏదో అర్థమయిందన్నమాట. ఫోను పెట్టాక ఆమె దరఖాస్తు తెరిచి ఖాళీ గడి ముందు కూర్చుంది. నేను మంచిదాన్ని అని రాసి కొట్టేసింది. నాకు మాటలు ఎక్కువ రావు అని రాసి అదీ కొట్టేసింది. మూడింటికి, 'నేను యంత్రాన్ని కాను. బొమ్మలకు మాటలు రాస్తాను. మా బాబాయిగారు మీ ఇంటికి వస్తున్నారు, ఆయనకి నేను చెప్పాలి,' అని రాసి, మళ్ళీ చదివితే కొట్టేస్తానన్న భయంతో వెంటనే పంపేసింది.

అప్పుడే వసారాలో ఎవరో, 'బాబాయిగారూ, మీరూ కిటికీకే కదా?' అన్నారు. ఆయన, 'ఆ గొడుగు ఉన్నన్నాళ్ళు ఎక్కడికైనా వస్తాను,' అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రేపు పొద్దున గొడుగు సంచీలోకి పోతుంది.

నాలుగుంబావుకి గది కిటికీ దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి, ఆజానుబాహువు, మోచేతులదాకా సున్నం మరకలు. గోడలకు రంగులు వేసే పనివాడు. లోపలికి తొంగిచూడటానికి కూడా మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"గొడుగండీ. ఆకుపచ్చది. నాలుగు నెలలయింది పోయి, ఉండదనుకోండి."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. "ఏదైనా గుర్తు చెప్పండి."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పిడి మీద పంటిగాట్లుంటాయి. నావేనండీ. పళ్ళొచ్చే వయసులో కొరికానట."

ఆమె లేచి, తల వంచి, తొమ్మిదో కొక్కెం దగ్గరికి వెళ్ళింది. చీటీ ముడి విప్పి గొడుగు తెచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే, గొడుగు పోయిన సంగతి తల్లి తనకి చెప్పలేదన్నాడు అతను. అది ఆవిడ పెళ్ళినాటి గొడుగు. ఎక్కడుందంటే అటకమీద ఉందని అంటూ వచ్చిందట. నిన్న అటక దులుపుతానని నిచ్చెన వేస్తే అప్పుడు ఏడుస్తూ బయటపెట్టిందట. అతను గొడుగు అందుకుని, విప్పకుండానే పిడి మీద బొటనవేలు పెట్టి గాట్లు తడుముకున్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టి, రెండుసార్లు దండం పెట్టి వెళ్ళిపోయాడు. చీటీ ఆమె చేతిలోనే ఉండిపోతే తీసుకెళ్ళి మళ్ళీ కొక్కేనికే తగిలించింది.

'బాబాయిగారూ, మీరే గెలిచారు,' అని ఆమె ఫోనులో రాసింది. పంపబోతూ ఆగింది.

గొడుగు ఉన్నన్నాళ్ళు వస్తానన్నాడు. పోయిందని తెలిస్తే? ఎనభై దాటిన మనిషి, అక్కడ కొత్తగా నేర్చుకోవలసినవి ఎన్నో ఉంటాయి, ఇంక ఎందుకులే అనుకుంటే? ఆమె ఆ వాక్యం కొట్టేసింది. ఆ మాట కొత్త ఇంట్లో, ఆయన వచ్చి కూర్చున్నాక, మొదటి మాటగా చెప్పాలనుకుంది. అది వినడానికైనా ఆయన వచ్చి తీరతాడు. అయిదేళ్ళ పిల్లని బొమ్మ చూపించి పిలిచినట్టుందని తనకే తోచింది. ఇంకో దారి కనపడలేదు. పైగా తనకింకా తలుపే తియ్యలేదు.

అయిదుంబావుకి తీశారు. కిటికీ పెద్దావిడ దగ్గరనుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. 'రండి. మీ తరఫున ఒకరు మాటిచ్చారు. ఆ వివరం తీరిగ్గా చెబుతాను, ముందు ఇల్లు మారండి, వేళ మించిపోతోంది.' ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి చెప్పి ఉంటాడనుకుంది. అంత నడుము నెప్పిలో కూడా గుర్తుపెట్టుకున్నందుకు ఆయనకి మనసులోనే దండం పెట్టుకుంది.

మెట్ల కింద సిగ్నలు అంతంతమాత్రం. గదికి తాళం వేసి, డిపో ఆవరణలోకి పరుగులాంటి నడకతో వెళ్ళి, ఇంధనం పోసే చోటు పక్కన గట్టు మీద కూర్చుంది. ముందు బాబాయికి రాసింది.

"గొడుగు విషయంలో ఒక వార్త ఉంది. కిటికీలో చెబుతాను. మీరు రావాలి."

"అయితే రాక తప్పదన్నమాట. నువ్వు ముందు వెళ్ళు అమ్మాయ్, నేను వెనకాల తలుపు వేసి వస్తాను."

ఆ మాటతో ఆమెకు బెంగ తీరింది. కొత్త ఇంట్లో పాత ఇంటి చిరునామా రాయాలి, తర్వాత పాత ఇంట్లో కొత్త చిరునామా రాయాలి, అప్పుడు మీట. ఒక అక్షరం తప్పు పడి తిరిగి వచ్చింది. మళ్ళీ రాసింది. పక్కనుంచి బస్సులు ఒకదాని వెనక ఒకటి పొగ వదులుతూ పోతున్నాయి. మొగుడు ఎప్పుడొచ్చాడో, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అయిదూ నలభై ఎనిమిదికి మీట నొక్కింది. చక్రం తిరగడం మొదలైంది. 'మీ వెంట ఉన్నవారికి తెలియజేస్తున్నాము,' అని వచ్చింది. పన్నెండుమంది, ముప్ఫైమంది, అరవైమంది. వసారాలో మేస్త్రి ఆఖరిసారిగా దీపం బొమ్మ ఒకటి పెట్టి, కింద తనే మాటలు రాశాడు: 'దీపం. ఇంకా వెలుగుతోంది.'

అయిదూ యాభై తొమ్మిదికి బాబాయి మాట వచ్చింది.

"మంచి వార్తేనా?"

ఆ మాట ఎందుకు అడిగాడో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. వచ్చేవాడయితే వచ్చాకే అడిగేవాడు. 'పిల్లాడి పళ్ళే బాబాయిగారూ, మీరు చెప్పిందే,' అని గబగబా రాసింది. వేళ్ళు తడబడి సగం అక్షరాలు తప్పుపడ్డా దిద్దకుండా పంపింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. తర్వాత తెల్లటి తెర మీద రెండే మాటలు వచ్చాయి. 'ఇల్లు దొరకలేదు.'

మొగుడు పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆమె ఫోనులో కిటికీ తెరిచి చూసింది. వసారావాళ్ళు చాలామంది చేరారు, గుమాస్తాగారొచ్చారు అని కేకలు వేస్తున్నారు. అందరిలో ఒక్క పేరు కోసం కిందికీ పైకీ జరిపి జరిపి చూసింది. లేదు. పెద్దావిడని అడిగితే, ఆవిడ ఒక ఉత్తరం ముందు పెట్టింది.

'అమ్మా, నన్ను నిన్న మీ ఇంట్లోకి రానిచ్చారు, సంతోషం. ఇంక చోటు లేదన్నారు కదా, నాది మా గుమాస్తాకివ్వండి. వసారాలో ఏ మీట తర్వాత ఏ మీట వస్తుందో లెక్కపెట్టి నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంకో రెండేళ్ళు నా దగ్గర ఉన్నాయో లేదో. ఆవిణ్ణి యంత్రమన్నారట. నేనామెని చూడలేదు, గుర్తులు చెబుతాను, సరిపోతాయేమో చూసుకోండి. ఏ బొమ్మయినా ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చెబుతుంది. బావుంది అనదు, ఏముందో చెప్పి ఊరుకుంటుంది. విరిగినదుంటే దాచదు. జనం ఉన్న ఫొటోలో చివర నించున్నవాళ్ళతో మొదలుపెడుతుంది. తెలియకపోతే తెలియలేదని రాస్తుంది. ఆ మాట యంత్రం అనగా నేనెప్పుడూ వినలేదు. ఆరు దాటేదాకా ఈ సంగతి చెప్పకండి, చెబితే అక్కడే కూలబడుతుంది, రాదు.'

ఆయన చిరునామా ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. ఉత్తరం వసారా నుంచే వచ్చిందనీ, వేరే చిరునామా ఏమీ ఇవ్వలేదనీ పెద్దావిడ చెప్పింది. ఆమెకు ఏడుపొచ్చింది. డిపో మధ్యలో, డ్రైవర్లు చూస్తుండగా, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మొగుడు సంచీలోంచి నూనె మరకల చేతిగుడ్డ తీసి, దాన్ని చూసి, మళ్ళీ లోపల పెట్టేసి, చొక్కా కొస అందించాడు.

"చెప్పలేదు," అంది. "ఆయన గెలిచాడని చెప్పలేదు. దాచుకున్నాను."

ఎవరు, ఏం గెలిచారు అని అతను అడగలేదు. సంచీ తీసుకో, పోదాం అన్నాడు.

సంచీ కోసం ఆమె గదికి వెళ్ళి తాళం తీసింది. దీపం వేసి రిజిస్టరు తెరిచింది. రెండు వందల పన్నెండు ఎదురుగా 'సొంతదారుకు అందజేయడమైనది' అని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టింది. ఈసారి నిజమైన తేదీయే వేసింది. రేపు పొద్దున ఎనిమిదీ పదికి ఫోను మోగదన్న సంగతి తలుచుకోకుండా ఉండటానికి బల్ల మీది వస్తువులన్నీ మరోసారి సర్దింది. సగం అల్లిన ఊలు చొక్కాని మడత పెట్టింది. దీపం ఆర్పి తలుపు వేస్తుంటే బయటి వెలుతురు కుడివైపునుంచి లోపలి గోడ దాకా పడింది. తొమ్మిదో కొక్కేనికి చీటీ ఒక్కటే వేలాడుతోంది, రెండుసార్లు దిద్దిన తేదీతో, తన రాతలోనే: 'గొడుగు, ఆకుపచ్చ, ఒక పుల్ల వంగింది, పిడి మీద పంటిగాట్లు, ఎవరివో తెలియలేదు.'